ఇంట్లో సిగ్నల్ లేదు, కంప్లైంట్ ఇస్తే మూసేస్తున్నారు: పోర్ట్ పెట్టేయమంటారా?

మీరు అడిగింది ఇదీ: మొగల్రాజపురంలో అద్దె ఇల్లు, రెండో అంతస్తు. ఇంట్లో ఫోనెత్తితే మాట తెగిపోతోంది, సాయంత్రమైతే నెట్ కదలడం లేదు. కస్టమర్ కేర్‌కి చెప్పిన ప్రతిసారీ "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ పంపి కంప్లైంట్ మూసేస్తున్నారు. విజయవాడలో ఏ నెట్‌వర్క్ బాగుంటుంది, పోర్ట్ పెట్టేయాలా, అంటే అదే నంబరుతో వేరే కంపెనీకి మారిపోవాలా అని.

సిమ్‌లు, పోర్టింగులు రోజూ చూసే పని కాబట్టి తెలిసింది రాస్తున్నాను. ఊరు మొత్తానికి ఫలానా నెట్‌వర్క్ బాగుంటుందని చెప్పడానికి లేదండీ. బెంజ్ సర్కిల్‌లో పరుగులు తీసే సిమ్మే కొండ వారన ఉన్న ఇంట్లో మొరాయిస్తుంది. మొగల్రాజపురం, గుణదల, వన్ టౌన్ కొండవాలు ఇళ్ళన్నిటికీ ఈ బాధ ఉంది. టవర్ కొండకి అటువైపు ఉంటే సిగ్నల్ రాయిని చీల్చుకుని రాలేదు. రెండు వీధుల అవతల ఉన్నవాళ్ళకి అదే కంపెనీ బ్రహ్మాండంగా పనిచేస్తుంటుంది. అందుకే పక్కవీధి వాళ్ళ మాట విని పోర్ట్ పెట్టకండి. ఒకసారి పోర్ట్ అయ్యాక 90 రోజుల దాకా మళ్ళీ మారే వీలుండదు. ముందు తప్పు ఎక్కడుందో కొలిచి చూడండి.

తెర మీది గీతల్ని నమ్మొద్దు. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలో ఫోన్ కంపెనీల ఇష్టం. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌కి వెళ్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ దగ్గర "మైనస్ 97 డీబీఎం" లాంటి అంకె కనపడుతుంది. కొన్ని ఫోన్లలో ఇది వేరే మెనూలో ఉంటుంది, సెట్టింగ్స్‌లో పైనున్న వెతుకుడు గడిలో సిమ్ స్టేటస్ అని కొట్టండి. ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేస్తే లోపలి వివరాలు తెరుచుకుంటాయి, అందులో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అన్న అంకె చూడండి, అదీ సిగ్నల్ బలమే. అంకె మైనస్‌లో ఉంటుంది కాబట్టి 85 కంటే 115 అధ్వాన్నం. 4జీలో మైనస్ 90 లోపు ఉంటే నిక్షేపంగా ఉన్నట్టు. 100, 105 దాకా కాల్స్ నడుస్తాయి. 110 దాటితే మాట తెగుతుంది. 118, 120 దగ్గరికొస్తే ఫోన్ టవర్‌ని వెతుక్కుంటూ బ్యాటరీని తాగేస్తుంది, సాయంత్రానికి ఫోన్ వేడెక్కడం కూడా అందుకే.

ఈ అంకెని బాల్కనీలో, హాల్లో, మీరు ఎక్కువగా ఫోన్ మాట్లాడే గదిలో చూసి రాసుకోండి. ఒక్కోచోట అరనిమిషం ఆగి చూడాలి, వెంటనే మారదు. వైఫై ఆపి, పొద్దున ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి స్పీడ్ టెస్ట్ కూడా చేయండి. ఇక విషయం దానంతట అదే తేలిపోతుంది.

బాల్కనీలో 92 ఉండి పడకగదిలో 115 అయితే తప్పు టవర్‌ది కాదు, గోడలది. ఆనుకుని కట్టిన అపార్ట్‌మెంట్లు, పైన స్లాబు, కిటికీలకి అద్దాలు, ఇనుప గ్రిల్లులు కలిసి సిగ్నల్‌ని మింగేస్తాయి. ఏ కంపెనీకి మారినా కొంత ఇదే పరిస్థితి. దీనికి పోర్ట్ అక్కర్లేదు, వైఫై కాలింగ్ చాలు, అంటే కాల్ టవర్ బదులు ఇంటి వైఫై మీద పోవడం. ఫోన్ సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్‌కి వెళ్ళి, సిమ్ ఎంచుకుని, వైఫై కాలింగ్ ఆన్ చేయండి. మీ ఫోన్‌లో, మీ నెట్‌వర్క్‌లో ఆ సదుపాయం ఉంటే ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఎవరిదైనా ఫరవాలేదు, కాల్ మీ మామూలు ప్యాక్‌లోనే పోతుంది. కరెంటు పోయినప్పుడు రౌటర్ ఆగి కాల్ తెగుతుంది కాబట్టి రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకోండి. సిగ్నల్ బూస్టర్ అని ఆన్‌లైన్‌లో అమ్మే పెట్టెలు మాత్రం కొనొద్దు. అనుమతి లేకుండా వాటిని పెట్టుకోవడం చట్టవిరుద్ధం. పైగా అవి టవర్‌ని గందరగోళపరిచి వీధి మొత్తానికి కాల్స్ చెడగొడతాయి.

బాల్కనీలోనే 115 ఉంటే అది టవర్ దూరమో, కొండ అడ్డమో. టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ వెబ్‌సైట్‌లో మీ ప్రాంతం పెట్టి చూస్తే చుట్టుపక్కల టవర్లు, అవి ఏ కంపెనీవో మ్యాప్ మీద కనపడతాయి. 2024 అక్టోబర్ నుంచి ప్రతి కంపెనీ తన వెబ్‌సైట్‌లో కవరేజీ మ్యాప్ పెట్టాలన్న నిబంధన కూడా వచ్చింది. ఆ మ్యాప్ వీధి దాకానే చెబుతుంది, మీ గది సంగతి చెప్పదు.

అంకె రోజంతా 85, 90 ఉండి పొద్దున స్పీడ్ వచ్చి రాత్రి పడిపోతోందా? అది రద్దీ. ఒకే టవర్ మీద ఎక్కువ మంది పడుతున్నారు. ఫోన్ మార్చినా, అదే కంపెనీ కొత్త సిమ్ వేసినా లాభం లేదు. కంపెనీ అక్కడ సామర్థ్యం పెంచాలి, లేదంటే మీరు వేరే నెట్‌వర్క్‌కి పోవాలి. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల కొలిచి మాత్రం ఏ తీర్పూ ఇవ్వకండి, అప్పుడు అన్ని నెట్‌వర్కులూ ఒక్కలాగే ఉంటాయి.

కంపెనీని అనేముందు సిమ్‌ని పది నిమిషాలు వేరే ఫోన్‌లో వేసి చూడండి. అక్కడ బాగుంటే తప్పు మీ ఫోన్‌ది. నెట్‌వర్క్ టైప్ 2జీకో 3జీకో కట్టేసి ఉందా, వోల్టీ (4జీ మీద కాల్ పోయే సదుపాయం) ఆన్‌లో ఉందా చూడండి. జియోకి 2జీ, 3జీ లేవు కాబట్టి వోల్టీ ఆగితే మామూలు కాలే పోదు. బీఎస్ఎన్ఎల్‌లో పాత 3జీ సిమ్ ఉంటే 4జీ రాదు, ఆఫీసుకెళ్ళి మార్పించుకోవాలి. బీఎస్ఎన్ఎల్ 4జీ 700 మెగాహెర్ట్జ్ మీద కూడా నడుస్తుంది, దాన్ని బ్యాండ్ 28 అంటారు. కొన్ని పాత ఫోన్లకి ఆ బ్యాండ్ లేదు. "టవర్ పక్కనే ఉన్నా 4జీ రావడం లేదు" అనేవాళ్ళు ముందు ఫోన్ స్పెసిఫికేషన్లలో అది చూసుకోవాలి. మీకు కాల్ చేసినవాళ్ళకి స్విచాఫ్ అని వస్తుంటే *#21# కొట్టి కాల్ ఎక్కడికైనా మళ్ళుతోందేమో చూడండి. మళ్ళుతుంటే ##002# తో అన్నీ రద్దవుతాయి.

ఇక కంప్లైంట్లు మూసేసే సంగతి. దీని మీద నాకు నిజంగా బాధ ఉంది, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే విసిగి వదిలేస్తారు, కంపెనీలకి కావాల్సింది అదే. మామూలు కస్టమర్ కేర్ నంబరుకి చేస్తే అది విచారణ కింద పోతుంది. ఫిర్యాదులకి వేరే ఉచిత నంబరు ఉంది: 198. దానికి చేసి, "ఇది ఫిర్యాదు, డాకెట్ నంబరు ఇవ్వండి" అని గట్టిగా అడగాలి, డాకెట్ అంటే ఫిర్యాదు నమోదు నంబరు. ఆ నంబరు ఎస్ఎంఎస్‌లో వస్తుంది. రాలేదా, ఫిర్యాదు నమోదు కానట్టే. "నెట్‌వర్క్ బాలేదు" అని ఊరుకుంటే అవతల వాళ్ళు "ఫోన్ రీస్టార్ట్ చేయండి" అని మూసేస్తారు. ఇలా చెప్పండి: "మొగల్రాజపురం, ఫలానా వీధి, ఫలానా గుడి ఎదురు, రెండో అంతస్తు, పిన్‌కోడ్ ఇది. బాల్కనీలో మైనస్ 114, గదిలో మైనస్ 119. కాల్ మాట్లాడుతుండగా తెగుతోంది. వేరే ఫోన్‌లో వేసి చూశాం, అక్కడా అంతే." ఇన్ని వివరాలున్న ఫిర్యాదుని రీస్టార్ట్ సలహాతో మూసేయడం కష్టం, అది నెట్‌వర్క్ వాళ్ళ దాకా వెళ్ళాల్సిందే.

అయినా పని జరక్కుండా మూసేశారనుకోండి. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే మళ్ళీ కొత్త ఫిర్యాదు ఇవ్వడం. అలా చేస్తే లెక్క మొదటి నుంచి మొదలవుతుంది. పాత డాకెట్ నంబరు మీదే అప్పీలుకి వెళ్ళండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీలో అప్పిలేట్ అథారిటీ, అంటే అప్పీళ్ళు తేల్చే వ్యవస్థ ఉండాలి. మూసేసినట్టు చెప్పిన 30 రోజుల్లోపు అప్పీలు వేయాలి, ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ఈమెయిల్ చిరునామా కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఆంధ్రప్రదేశ్ సర్కిల్ (టెలికాం ప్రాంతం) ఎంచుకోండి. మూసేసిన మెసేజ్ స్క్రీన్‌షాట్, సిగ్నల్ అంకె కనపడే స్క్రీన్‌షాట్లు జతచేయండి. చాలా కేసుల్లో అసలు కదలిక ఈ దశలోనే వస్తుంది.

నేరుగా ట్రాయ్‌కి రాస్తే పని అవదు, వాళ్ళు ఒక్కొక్కరి ఫిర్యాదులు పరిష్కరించరు. అప్పీలు కూడా తేలకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో టెలికాం శాఖకి ఫిర్యాదు పెట్టొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. టెలికాం గొడవలు వినియోగదారుల కమిషన్ వినకూడదని కంపెనీలు చాలాకాలం వాదించాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, మీరు కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు.

డబ్బు కోత గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. మీరు అడక్కుండానే కాలర్ ట్యూనో, గేమ్ సర్వీసో వచ్చిపడి బ్యాలెన్స్ కోసుకుపోతే 155223 కి కాల్ చేసి గానీ, ఇంగ్లిష్‌లో స్టాప్ అని ఎస్ఎంఎస్ పంపి గానీ ఆపేయొచ్చు. యాక్టివేట్ అయిన 24 గంటల్లో చెబితే డబ్బు తిరిగివ్వాలి. ఎక్కడ పోతోందో తెలియకపోతే ప్రీపెయిడ్ వాళ్ళు కూడా గత ఆరు నెలల వాడకం వివరాలు అడగొచ్చు, దానికి 50 రూపాయల కంటే ఎక్కువ తీసుకోకూడదు.

సరే, కొలిచారు, మారాల్సిందేనని తేలింది. వెంటనే పోర్ట్ పెట్టకండి. మీరు వెళ్ళదలచుకున్న నెట్‌వర్క్‌ది చవకైన కొత్త ప్రీపెయిడ్ సిమ్ ఒకటి తీసుకుని రెండో స్లాటులో వేసి, అదే గదుల్లో అవే అంకెలు చూడండి. 28 రోజుల ప్యాక్ ఖర్చు 90 రోజుల అవస్థ కంటే చౌక. బాగుంటే అప్పుడు పోర్ట్.

ఫోన్‌లో పోర్ట్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, మీ పదంకెల నంబరు వేసి 1900 కి ఎస్ఎంఎస్ పంపాలి. పోర్ట్‌కి కావాల్సిన ఎనిమిది అక్షరాల యూపీసీ కోడ్ వస్తుంది, మన దగ్గర అది 4 రోజులే చెల్లుతుంది. కాబట్టి షాపుకి వెళ్ళే రోజే పంపండి. కోడ్‌ని కాగితం మీద రాసుకెళ్ళకుండా మెసేజే చూపించండి, సున్నాకీ ఓ అక్షరానికీ తేడా తెలియక తప్పు కొట్టి రిజెక్ట్ అయినవి ఉంటాయి. ప్యాక్‌లో ఎస్ఎంఎస్‌లు లేకపోయినా 1900 కి పంపనివ్వాలని ట్రాయ్ 2021 లో ఆదేశించింది, కుదరదంటే అది కూడా ఫిర్యాదే.

కోడ్ రాకపోవడానికి కారణాలు కొన్నే. ఈ నెట్‌వర్క్‌లో 90 రోజులు నిండకపోవడం, పోస్ట్‌పెయిడ్‌లో గడువు దాటిన బిల్లు ఉండటం, పేరు మార్పు పెండింగ్‌లో ఉండటం. 2024 జూలై 1 నుంచి ఇంకోటి చేరింది: సిమ్ పోయి కొత్తది తీసుకుంటే 7 రోజుల దాకా కోడ్ ఇవ్వరు. దొంగలు సిమ్ మార్పించుకుని నంబరు ఎత్తుకుపోకుండా పెట్టిన అడ్డు అది, అవసరమైనదే.

హైదరాబాద్‌లో తీసుకున్న నంబరైనా భయం లేదు. టెలికాం లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకటే సర్కిల్, మూడు పనిదినాల్లో అయిపోతుంది. చెన్నై, బెంగళూరు నంబర్లకి ఐదు. ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు. మనసు మారితే దరఖాస్తు ఇచ్చిన 24 గంటల్లో క్యాన్సిల్ అని కొట్టి నంబరు వేసి 1900 కే పంపాలి. పాత సిమ్‌లో మిగిలిన బ్యాలెన్స్, ప్యాక్ పోతాయి, అవి అయిపోవచ్చే రోజు చూసుకుని పెట్టండి. పోస్ట్‌పెయిడ్ అయితే ఆఖరి బిల్లు తర్వాత వస్తుంది, అది ఎగ్గొడితే కొత్త నెట్‌వర్క్‌లో కూడా నంబరు ఆగిపోతుంది.

షాపులో ఒక్క జాగ్రత్త. వేలిముద్ర వేశాక "పడలేదు, మళ్ళీ పెట్టండి" అంటే తెర చూపించమనండి. రెండో ముద్రతో మీ పేరు మీద ఇంకో సిమ్ తీసి మోసగాళ్ళకి అమ్ముకున్న ఉదంతాలున్నాయి. రెండు రోజులాగి టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూడండి. తెలియనిది ఉంటే "నా నంబరు కాదు" అని అక్కడే నొక్కొచ్చు.

కొత్త సిమ్ వేశాక ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి నంబరుని మళ్ళీ ధ్రువీకరించమంటాయి, దానికి ఎస్ఎంఎస్ పోవాలి. కొత్త సిమ్‌లో రీచార్జి పడిందో లేదో చూసుకుని ఆ పని మొదలుపెట్టండి. పోర్ట్ జరిగే రోజు ఈఎంఐ, కరెంటు బిల్లు లాంటి ఓటీపీ పనులు పెట్టుకోవద్దు. పాత సిమ్‌లో సిగ్నల్ పూర్తిగా పోయేదాకా దాన్ని ఫోన్‌లోంచి తీయకండి.

మీ బాల్కనీ అంకె, గది అంకె, రాత్రి స్పీడ్ ఇక్కడే కింద రాయండి, ఏది చేయాలో చూసి చెబుతాను.