గోడ మీద జార్జ్ బెస్ట్ ఫొటో, మంచం కింద క్వార్టర్ సీసా

ప్రశ్న: మాది సికింద్రాబాద్. మా అన్నయ్యకు 37 ఏళ్లు. ఒకప్పుడు మా ఏరియా ఫుట్‌బాల్‌లో లెఫ్ట్ వింగ్‌లో అతన్ని ఆపే డిఫెండర్ లేడనేవారు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం కూడా వచ్చింది. ఐదారేళ్లుగా రోజూ తాగుతున్నాడు. ముందు రాత్రిపూట క్వార్టర్, ఇప్పుడు హాఫ్ దాకా పోయింది. పొద్దున లేవగానే చేతులు వణుకుతుంటే రెండు గుక్కలు వేసుకుంటే గానీ షేవింగ్ చేసుకోలేడు. రెండు నెలల కింద కామెర్లు వచ్చాయి. లివర్ దెబ్బతిందని డాక్టర్ చెబితే మూడు వారాలు మానేశాడు. కళ్లు తెల్లబడ్డాక మళ్లీ మొదలు. వదిన తొమ్మిదేళ్ల బాబును తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. అన్నయ్య గదిలో పాత ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ బెస్ట్ ఫొటో ఉంటుంది. "ఆయనా తాగాడు, అయినా అంతటివాడయ్యాడు" అని స్నేహితులే సీసా తెచ్చి ఇస్తారు. అమ్మ ఎవరి దగ్గరో మందు మాన్పించే పొడి కొనుక్కొచ్చింది, సాంబారులో కలుపుదామంటోంది. వ్యాన్‌లో వచ్చి ఎత్తుకెళ్లే సెంటర్లు ఉన్నాయని పక్కింటివాళ్లు చెబుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా రెండు మాటలు. సాంబారులో ఆ పొడి కలపవద్దని ఈ పూటే అమ్మకు చెప్పండి. అన్నయ్య చేత ఇంట్లో ఒక్కసారిగా మందు మాన్పించే ప్రయత్నం కూడా చేయకండి. ఎందుకో కింద రాస్తాను. దానికంటే ముందు ఆ ఫొటో సంగతి మాట్లాడాలి. మీ ఇంట్లో అది వట్టి ఫొటో కాదు, తాగడానికి దొరికిన సాకు.

ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ కుర్రాడు జార్జ్ బెస్ట్. బక్కగా, చిన్నగా ఉన్నాడని స్థానిక క్లబ్ గ్లెంటొరాన్ అతన్ని వద్దంది. కొత్త ఆటగాళ్లను వెతికిపెట్టే బాబ్ బిషప్ అనే స్కౌట్ మాత్రం, ఒక మేధావి దొరికాడని మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ మాట్ బస్బీకి టెలిగ్రామ్ కొట్టాడు. అప్పటికి బెస్ట్‌కు 15 ఏళ్లు. 1963 సెప్టెంబరులో, 17 ఏళ్ల వయసులో తొలి మ్యాచ్ ఆడాడు. 1966లో పోర్చుగల్‌లోని లిస్బన్ వెళ్లి అక్కడి క్లబ్ బెన్ఫికా మీద మొదటి పావుగంటలోపే రెండు గోల్స్ కొట్టాడు. 1968 మే 29న వెంబ్లీలో యూరోపియన్ కప్ ఫైనల్, మళ్లీ అదే బెన్ఫికా. ఎక్స్‌ట్రా టైమ్ మొదలవగానే బంతి అందుకుని డిఫెండర్‌ను దాటాడు, ముందుకొచ్చిన గోల్‌కీపర్‌ను పక్కనుంచి తప్పించి ఖాళీ గోల్‌లోకి తోశాడు. ఆ ఏడాది యూరప్ ఉత్తమ ఆటగాడు అతనే. వయసు 22.

అన్నయ్య గోడ మీద ఉన్నది బహుశా ఈ కుర్రాడే. దీని తర్వాతి లెక్కను స్నేహితులు చెప్పరు. 22 ఏళ్లకు శిఖరమెక్కినవాడు యునైటెడ్‌కు చివరి మ్యాచ్ ఆడింది 1974 జనవరి 1న, 27 ఏళ్లకే. వింగర్ కాళ్లలో ఇంకా సత్తా ఉండే వయసది. మధ్యలో ప్రాక్టీసుకు ఎగ్గొట్టడాలు, మాయమైపోవడాలు, 1972లో రిటైర్ అవుతున్నానని ప్రకటించి మళ్లీ రావడాలు. అంతా మందు వల్లే అనడం అన్యాయం. బస్బీ 1969లో మేనేజర్ పని వదిలేశాడు, జట్టు ముసలిదైపోయింది, బరువంతా ఈ ఒక్కడి మీద పడింది. కానీ ఎత్తుపల్లాలు అందరికీ ఉంటాయి. పల్లంలో ఉన్నప్పుడు అతని చేతికి అందుబాటులో ఉన్నది సీసా. యునైటెడ్‌కు 470 మ్యాచ్‌ల్లో 179 గోల్స్ కొట్టినవాడు ఆ తర్వాత స్టాక్‌పోర్ట్, ఫుల్‌హామ్, అమెరికా, స్కాట్లాండ్, ఆస్ట్రేలియా అంటూ క్లబ్బులు మారుతూనే ఉన్నాడు. 1984 క్రిస్మస్ జైల్లో గడిచింది, తాగి బండి నడిపినందుకు, పోలీసు మీద చేయి చేసుకున్నందుకు. తాగినందువల్ల అంతటివాడు కాలేదు. అంతటివాడయ్యాక మందు అతన్ని మింగింది.

ఇంకో ఫొటో కూడా ఉంది. 2005 నవంబరులో లండన్ క్రామ్‌వెల్ ఆసుపత్రి మంచం మీద, పచ్చబడిన ముఖంతో, ఒంటికి గొట్టాలతో. తనలా ఎవరూ చావకూడదని చెప్పమంటూ తనే దాన్ని పేపర్లో వేయించాడు. ఐదు రోజులకు, నవంబరు 25న, 59 ఏళ్లకు పోయాడు. ఆ ఫొటో తెచ్చి అన్నయ్య గోడకు అంటించమని మాత్రం చెప్పను. భయపెడితే మానరు. భయం తట్టుకోలేక ఇంకో గుక్క ఎక్కువ వేస్తారు.

ఇప్పుడు మీ అన్నయ్య ఒంటి సంగతి. మన దగ్గర 42.8 శాతం విస్కీ క్వార్టర్, అంటే 180 మి.లీ.లో, సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. హాఫ్ అంటే 375 మి.లీ., సుమారు 125 గ్రాములు. బీరుకు మారితే ఫరవాలేదనేవాళ్లు ఉంటారు, 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 40 గ్రాములు ఉంటుంది. మూడు సీసాలైతే హాఫ్‌తో సమానమే. పొద్దున వణుకు, రెండు గుక్కలకు అది తగ్గడం, ఈ రెండూ కలిస్తే అలవాటు దశ దాటిపోయిందని, ఒళ్లు మందుకు బానిసైందని అర్థం.

అలాంటి ఒంట్లోంచి మందు హఠాత్తుగా తీసేస్తే ఏమవుతుందో తెలుసుకోండి. ఆరేడు గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ, నిద్ర లేకపోవడం. 12 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక నాలుగైదు రోజుల వరకు మతి తప్పి, గోడల మీద పురుగులు పాకుతున్నాయనడం, అయినవాళ్లను గుర్తుపట్టకపోవడం, జ్వరం. ఇది ప్రాణాలు తీసే స్థితి. "కోపంతో పిచ్చిపట్టినట్టు చేస్తున్నాడు" అని గదిలో పెట్టి గడియ వేసిన ఇళ్లు ఉన్నాయి. కామెర్లప్పుడు గండం గడిచిందని ఈసారీ గడుస్తుందని అనుకోవద్దు. మానడం, మొదలుపెట్టడం జరిగిన ప్రతిసారీ తర్వాతి వణుకు ముందుదానికంటే గట్టిగా రావచ్చు.

ఆసుపత్రిలో దీన్ని సుమారు వారం పది రోజుల్లో దాటిస్తారు. వణుకు తగ్గించే మాత్ర మొదటి రోజు ఎక్కువ మోతాదులో ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ ఆపేస్తారు. మామూలుగా లిబ్రియం వాడతారు, లివర్ దెబ్బతిన్నవాళ్లకు లోరాజెపామ్ మేలంటారు. కాబట్టి కామెర్లు వచ్చిన సంగతి మొదటి మాటగా చెప్పాలి. దాంతోపాటు బి1 విటమిన్ ఇంజెక్షన్లు. ఇక్కడ మన వీధుల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. నీరసంగా ఉన్నాడని ఆర్ఎంపీని పిలిచి గ్లూకోజ్ ఎక్కిస్తారు. ఏళ్ల తరబడి తాగినవారి ఒంట్లో బి1 నిల్వలు అడుగంటి ఉంటాయి. ముందు బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. నడక తూలడం, కళ్లు నిలకడగా లేకపోవడం, మతిమరుపు దాని గుర్తులు. ఆలస్యమైతే ఆ మతిమరుపు శాశ్వతంగా ఉండిపోవచ్చు.

మీకు గాంధీ ఆసుపత్రి దగ్గర. సైకియాట్రీ, లివర్ చూసే గ్యాస్ట్రో విభాగం రెండూ ఒకే చోట ఉంటాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఎర్రగడ్డ ఆసుపత్రిలోనూ మందు మాన్పించే వైద్యం ఉంది. ఆ పేరు చెప్పగానే చుట్టాలు మొహం అదోలా పెడతారు, పట్టించుకోకండి. వెళ్లేముందు ఎటూ తేలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మత్తు అలవాట్లకు 14446 ఉంది. పాత రిపోర్టులన్నీ సంచిలో పెట్టుకెళ్లండి. లివర్ ఫంక్షన్ పరీక్ష, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్ఆర్, కడుపు స్కాన్ మళ్లీ చేస్తారు. లివర్ గట్టిపడిందని తేలితే, అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బాయేమో ఎండోస్కోపీతో చూడమంటారు, వద్దనకండి.

ఇక అమ్మ తెచ్చిన పొడి. అందులో ఏముందో అమ్మిన మనిషికే తెలియాలి. ఇలాంటి వాటిలో, మద్యం తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ అనే మందు కలిసి ఉంటే, తెలియకుండా తిన్న మనిషి సాయంత్రం మందు తాగగానే ముఖం ఎర్రబడుతుంది, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. లివర్ బాగా చెడినవాళ్లకు ఆ మందు డాక్టర్లే ఇవ్వరు. ఇస్తే చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేయించి ఇస్తారు. బెస్ట్‌కు కూడా ఆ మాత్రలను పొట్ట చర్మం కింద కుట్టి పెట్టారు. అయినా మళ్లీ తాగాడు. మాత్ర మందుకు అడ్డు నిలబడుతుంది కానీ, తాగాలనే కోరిక ఎక్కడ పుడుతోందో అక్కడికి చేరదు. ఆ కోరిక తగ్గించే మందులు వేరు. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్, లివర్ జబ్బున్నవాళ్లకు బాక్లోఫెన్. ఏది సరిపోతుందో లివర్, కిడ్నీ రిపోర్టులు చూసి సైకియాట్రిస్టు చెబుతారు. కామెర్లకు పసరు పోయించడం కూడా వద్దు.

వ్యాన్ సెంటర్ల మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద మద్యం వ్యసనం కూడా వస్తుంది. ఇష్టం లేని మనిషిని చేర్చుకోవాలంటే ప్రాణాపాయం లాంటి కారణం ఉండాలి, నిపుణులు పరీక్షించి రాయాలి, ఆ సంస్థకు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ ఉండాలి. దారిన పోయే నలుగురు వచ్చి ఎత్తుకుపోవడానికి వీల్లేదు. ఏ సెంటర్‌కైనా వెళ్లి మూడు అడగండి: రిజిస్ట్రేషన్ నంబరు, రాత్రిపూట డాక్టర్ ఉంటారా, మేం వచ్చి చూడొచ్చా. మూడోదానికి "నెల దాకా కుదరదు" అంటే లేచి వచ్చేయండి.

"కళ్లు తెల్లబడ్డాక మళ్లీ మొదలు" అన్నారు. అన్నిటికంటే బరువైన మాట అదే. కళ్లు తెల్లబడితే లివర్ కాస్త ఊపిరి తీసుకుందని అర్థం, జబ్బు పోయిందని కాదు. బెస్ట్‌కు 2002లో లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో ఏకంగా కొత్త లివరే పెట్టారు. ఏడాది తిరిగేసరికి మళ్లీ గ్లాసు పట్టాడు. కొత్త లివర్‌ను ఒళ్లు తోసేయకుండా వాడే మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. 2005 అక్టోబరులో కిడ్నీ ఇన్ఫెక్షన్‌తో ఐసీయూకు వెళ్లినవాడు ఇక ఇంటికి రాలేదు. లివర్ మార్చినా తాగే మనిషికి వైద్యం మిగిలే ఉంటుంది. గ్యాస్ట్రో డాక్టర్ ఒక్కరితో ఆగకండి, సైకియాట్రీ కూడా ఉండాలంటున్నది అందుకే.

రక్తం వాంతి, తారులా నల్లటి విరేచనం, పొట్ట ఉబ్బడం, పగలు మగతగా ఉండి రాత్రి తికమకగా మాట్లాడటం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. పాత మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వాడుతుంటే ఆపించి డాక్టర్‌ను అడగండి. పథ్యమని చారన్నంతో సరిపెట్టే ఇళ్లలో ఈ జబ్బు ముదురుతుంది. కండ కరిగిపోకుండా కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుడ్లు, పప్పు, పెరుగు, పడుకోబోయే ముందు ఏదో కాస్త తినడం. పొట్టలో నీరుంటే మాత్రం ఉప్పు తగ్గించాలి, పచ్చళ్లు, అప్పడాలు పక్కన పెట్టాలి.

ఎలా కదిలించాలి? రాత్రి మాట్లాడకండి. పొద్దున ఎనిమిదింటికి, వణుకు కాస్త తగ్గిన వేళ, మీరొక్కరే కూర్చోండి. "అన్నయ్యా, చేతులు వణుకుతున్నాయి కదా, అది నీ చేతకానితనం కాదు, జబ్బు. సోమవారం గాంధీకి వెళ్దాం, సెలవు పెట్టాను, నేనూ వస్తా." అంతే. వదిన పేరు, డబ్బు లెక్క, పరువు ఆ పూట ఎత్తవద్దు. ఆరోజు వరకు ఉన్నపళంగా మానమని అడగకండి, తగ్గించి తాగుతూ డాక్టర్ దగ్గరికి రమ్మనండి. బండి మాత్రం నడపనివ్వకండి. ఆఫీసుకు ఫోన్ చేసి "జ్వరం" అని మీరు అబద్ధం చెబుతుంటే ఇక ఆపండి. బెస్ట్‌ను చుట్టుపక్కలవాళ్లు ఎన్నిసార్లు క్షమించారో లెక్క లేదు, ఆట అంత గొప్పది కాబట్టి. ఆ క్షమాపణలే అతనికి ఏళ్ల తరబడి తాగే వెసులుబాటు ఇచ్చాయి.

స్నేహితుల్లో అన్నయ్య మాట వినే ఒక్కడిని, వీలైతే పాత కోచ్‌ని, ఇంటికి పిలిచి రిపోర్టు చూపించండి. "ఆటగాళ్లు తాగుతారు" అంటే రెండు పేర్లు చెప్పండి. జిమ్మీ గ్రీవ్స్ ఇంగ్లండ్‌కు 57 మ్యాచ్‌ల్లో 44 గోల్స్ కొట్టాడు. మందుకు బానిసై, 1978లో మానేసి, ఇంకో 43 ఏళ్లు బతికి 2021లో పోయాడు. ఆర్సెనల్ కెప్టెన్ టోనీ ఆడమ్స్ 1990లో తాగి కారు గుద్ది జైలుకెళ్లాడు. 1996లో మానాడు. 1998, 2002లలో లీగ్, కప్ రెండూ ఎత్తింది మానిన తర్వాతే. ఇద్దరూ, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు వెళ్లినవాళ్లే. హైదరాబాద్, సికింద్రాబాద్‌లోనూ ఆ మీటింగులు జరుగుతాయి, రుసుము ఉండదు. కుటుంబసభ్యులకు అల్-అనాన్ ఉంది, మీరూ వదినా వెళ్లొచ్చు.

వదినను ఇప్పుడే రమ్మని ఒత్తిడి చేయకండి. బాబుతో మాత్రం మాట్లాడాలి. తొమ్మిదేళ్ల పిల్లలు తమ వల్లే నాన్న తాగుతున్నాడనుకుంటారు. "నాన్నకు జబ్బు చేసింది, నీ వల్ల కాదు, నువ్వు మాన్పించాల్సిన పనీ లేదు, డాక్టర్లు చూస్తారు" అని చెప్పండి. బెస్ట్ తల్లి యాన్ నడివయసులో మందుకు అలవాటై 1978లో పోయింది. రక్తసంబంధంలో ఈ జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువే కాబట్టి బాబు పెద్దవాడయ్యాక ఆ నిజం దాచకండి.

ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి మూడు నెలలు గట్టి పరీక్ష. ఒకరోజు జారితే అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి, తిట్లతో మొదలుపెట్టకండి. కోరిక ఎక్కువగా పుట్టేది తాగే వేళకే, రాత్రి తాగే మీ అన్నయ్యకు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది అనుకుందాం. ఆ రెండు గంటలు ఖాళీగా ఉండకూడదు. డాక్టర్ సరేనంటే పిల్లలకు గ్రౌండ్‌లో డ్రిబ్లింగ్ నేర్పే పని అప్పగించండి. ప్లేట్‌లెట్లు తక్కువుంటే హెడింగ్‌లు, తోపులాట వద్దు, కోన్లు పెట్టి నేర్పితే చాలు. వెళ్లేముందు ఇంట్లో కడుపు నిండా తిని వెళ్లాలి, వచ్చేటప్పుడు తోడుగా మీరో, ఆ కోచో ఉండాలి, గ్రౌండ్ నుంచి ఇంటికి వచ్చే దారిలో వైన్ షాపు ఉంటే ఇంకో దారిన రావాలి.