లైన్ ఆఫ్ క్రెడిట్ ఉందిగా అంటే కుదరదు

ప్రశ్న: మావారు పశ్చిమ కెనడాలో ఒక మేజర్ జూనియర్ (కుర్రాళ్ల పై స్థాయి) ఐస్ హాకీ జట్టుకి అసిస్టెంట్ కోచ్. డిఫెన్స్‌మెన్‌ని (గోల్ వైపు కాపు కాసే ఆటగాళ్లని) తయారు చేయడం ఆయన పని. రాత్రి బస్సులో కూడా వాళ్ల ఆట క్లిప్పులు కత్తిరిస్తూనే ఉంటారు. ఇది నాలుగో సీజన్. జీతం ఏడాదికి 62,000 డాలర్లు, కాంట్రాక్టు జూన్ 30 వరకే. హెడ్ కోచ్ కాంట్రాక్టు కూడా అప్పుడే ముగుస్తుంది. నా పార్ట్‌టైమ్ జీతం చేతికి నెలకి 2,100. ఖర్చులు 5,600, అందులో రెండో బండి వాయిదా 690. పొదుపు 4,300. ఇంటి మీద 85,000 లైన్ ఆఫ్ క్రెడిట్ (ఇల్లు తాకట్టుగా, కావలసినప్పుడు తీసుకునే బ్యాంకు అప్పు) ఉంది, ఇంకా వాడలేదు. అందులో 60,000 తీసి, వేసవంతా ఐస్ రింక్ అద్దెకి తీసుకుని డిఫెన్స్ కుర్రాళ్లకి సొంత క్యాంపు పెడతానంటున్నారు. నెలకి 275 వడ్డీ కడితే చాలట. కష్టం వస్తే మిగతా 25,000 ఉన్నాయిగా అంటారు. ఆర్‌ఆర్‌ఎస్‌పీలో (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) నెలకి 400 వేస్తున్నాం. పెంచాలా, టీఎఫ్‌ఎస్‌ఏకి (రాబడి మీద పన్ను లేని పొదుపు ఖాతా) మారాలా?

జవాబు: మీ ఉత్తరం పక్కన పెట్టలేకపోయాను. కారణం ‘మిగతా 25,000 ఉన్నాయిగా’ అన్న ఆ ఒక్క మాట. నెలలో కనీసం ఇద్దరి నోట వింటున్నాను దీన్ని. ఆ 25,000 మీ డబ్బు కాదు, బ్యాంకుది. ఇలాంటి అప్పుని బ్యాంకు ఎప్పుడైనా తిరిగి కట్టమనొచ్చు, లిమిట్ తగ్గించనూ వచ్చు. మీరు సంతకం పెట్టిన కాగితాల్లో ఆ మాట ఉంటుంది, తీసి చూడండి. పైగా మీవారి ఉద్యోగంలో ఇంకో మెలిక ఉంది. ఈ ఊళ్లో పని పోతే ఇదే ఊళ్లో ఇంకో జూనియర్ జట్టు దొరకదు. ఊరు మారాలి, ఇల్లు అమ్మాలి. ఇల్లు అమ్మిన రోజే ఆ లైన్ ఆఫ్ క్రెడిట్ మొత్తం తీర్చాలి. అంటే సరిగ్గా అవసరం పడ్డప్పుడే అది మాయమైపోతుంది.

మీవారి పని మీద నాకు గౌరవం ఉంది. రాత్రి పదకొండింటికి బస్సులో ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, మూలకి వెళ్లిన పక్ (హాకీ బిళ్ల) తీసుకునే ముందు కుర్రాడు భుజం మీదుగా వెనక్కి చూశాడా లేదా అని ఒక్కో క్లిప్ కత్తిరిస్తారని రాశారు. ఆ శ్రమ ఫలం స్కోర్ బోర్డు మీద కనపడదు. డిఫెన్స్‌మన్ పండడానికి ఏళ్లు పడుతుంది. డిఫెన్స్‌మన్ డంకన్ కీత్‌ని 2002 డ్రాఫ్ట్‌లో (ఎన్‌హెచ్‌ఎల్ అనే పెద్ద ప్రొఫెషనల్ లీగ్ జట్లు కుర్రాళ్లని వరసగా ఎంచుకునే చోట) 54వ వాడిగా తీసుకున్నారు, షే వెబర్‌ని ఆ మరుసటి ఏడు 49వ వాడిగా. ఇద్దరూ కెలోనా జూనియర్ జట్టులో ఆడినవాళ్లే. కీత్‌కి నోరిస్ ట్రోఫీ (ఆ లీగ్‌లో ఆ ఏటి మేటి డిఫెన్స్‌మన్‌కి ఇచ్చేది) 2010లో వచ్చింది. మార్క్ జియోర్డానోనైతే డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనేలేదు, 2019లో అదే ట్రోఫీ అందుకునేసరికి అతనికి 35 ఏళ్లు. పదిహేడేళ్ల వయసులో ఇలాంటి కుర్రాడికి స్టిక్ ఎక్కడ పెట్టాలో నేర్పిన కోచ్‌కి, ఆ కుర్రాడి పేరు మోగేసరికి ఎన్ని ఊళ్లు మారి ఉంటాయో! పని పదేళ్లకి పండుతుంది, కాంట్రాక్టేమో ఏడాదికోసారి తెగుతుంది. కొత్త హెడ్ కోచ్ వస్తే తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. అందులో మీవారి తప్పేమీ ఉండదు, అయినా వెళ్లాల్సింది ఆయనే.

అందుకే అందరికీ చెప్పే మూడు నెలల ఖర్చుల అత్యవసర ఫండ్ మీకు చాలదు. ఎనిమిది నెలలది కావాలి. సీజన్ అయ్యాక ఏప్రిల్ నుంచి మార్పులు మొదలవుతాయి, ఆగస్టు చివరికి శిక్షణ శిబిరాలు తెరిచేలోపు ఖాళీలన్నీ నిండిపోతాయి. ఆ బస్సు తప్పితే, సీజన్ మధ్యలో ఎవరి ఉద్యోగమో పోయేదాకా ఎదురుచూడాలి.

మీరు రాయని విషయం ఒకటుంది. ఏడాది చివర ఆయనకి పన్ను స్లిప్పు టీ4 (ఉద్యోగి జీతానిది) వస్తుందా, టీ4ఏ (కాంట్రాక్టర్ లాంటి వాళ్లకి ఇచ్చేది) వస్తుందా? టీ4 అయితే, అర్హత గంటలు ఉంటే, పని పోయినప్పుడు ఈఐ (ప్రభుత్వ నిరుద్యోగ భృతి) వస్తుంది. 2025లో వారానికి గరిష్ఠం 695 డాలర్లు, ఆయన జీతానికి సుమారు 655, అదీ పన్ను పోకముందు. కాంట్రాక్టర్‌గా టీ4ఏ ఇస్తుంటే సున్నా. ఇంకోటి, సొంత క్యాంపు నడుపుతూ ఈఐకి వెళితే ‘మీరు నిరుద్యోగి ఎలా అవుతారు’ అని అడుగుతారు. ఆ వ్యాపారం పెద్దదైతే ఆ చిన్న ఆసరా కూడా పోతుంది.

ఇక క్యాంపు. ఒక్క కుర్రాడూ చేరకముందే వేసవంతా ఐస్ అద్దెకి 60,000 కుమ్మరించడమేమిటండీ? ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ 275 వడ్డీ మాత్రమే, అసలు ఒక్క డాలరూ తగ్గదు. వ్యాపారానికి తెచ్చిన అప్పు వడ్డీని పన్ను లెక్కలో తీసేయొచ్చు కదా అని ఆయన అంటారేమో. నష్టంలో కొంత వెనక్కొస్తే అది లాభమైపోదు. అంత ఉబలాటంగా ఉంటే ముందు క్లబ్బు అనుమతి కాగితం మీద తీసుకోమనండి. తర్వాత ఒక్క వారం, ఎనిమిది మంది కుర్రాళ్లు, తల్లిదండ్రుల దగ్గర ఫీజు ముందే. ఆ ఫీజుతోనే గంటల లెక్కన ఐస్ తీసుకోవాలి. నిండకపోతే క్యాంపు లేదు. తన డిఫెన్స్‌మన్ వెనక ఎవరూ లేకుండా బ్లూలైన్ (ఐస్ మీది హద్దు గీత) దాటి ముందుకి ఎగబడితే ఆయన ఏమంటారో మీరు ఇంట్లో వినే ఉంటారు. ఆ మాటే ఆయనకి అప్పజెప్పండి.

ఇప్పుడు లెక్క. రెండో బండి అమ్మేయండి. బస్సులో తిరిగే మనిషికి ఇంట్లో రెండు బండ్లు దేనికి? ఖర్చు 4,910కి దిగుతుంది. మీ జీతం తీసేస్తే లోటు 2,810. ఎనిమిది నెలలకి దాదాపు 22,500. బండి వాయిదా 690, ఆర్‌ఆర్‌ఎస్‌పీకి వెళ్లే 400 కలిపి నెలకి 1,090 పక్కన పెడితే, ఈ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఏడు నెలల్లో మీ 4,300తో కలిపి 12,000 దగ్గరికొస్తుంది. ఎనిమిది నెలలది కాదు, నాలుగు నెలలదే. కానీ అది ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మిమ్మల్ని లాక్కొస్తుంది. ఆగకుండా నింపుతూ పోండి.

మీ అసలు ప్రశ్నకి: ఫండ్ నిండేదాకా ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఆపి, డబ్బు టీఎఫ్‌ఎస్‌ఏలో సాదా సేవింగ్స్‌గా పెట్టండి. షేర్లూ ఫండ్లూ వద్దు. ఆర్‌ఆర్‌ఎస్‌పీలోంచి అత్యవసరానికి 6,000 తీస్తే 20 శాతం అక్కడే పట్టుకుంటారు.

క్లబ్బు ఇచ్చే హెల్త్ కవర్ కాంట్రాక్టుతోపాటే పోతుంది కాబట్టి, పిల్లల పళ్ల పనులేవైనా ఉంటే జూన్ లోపే చేయించుకోండి. స్కేట్ల మీద బతికే మనిషికి డిజబిలిటీ ఇన్సూరెన్స్ ఉందో లేదో కూడా చూడండి. కిందటేడాది స్లిప్పు వెతికి, అది టీ4ఓ టీ4ఏఓ రాసి పంపండి. రెండోదైతే ఈ లెక్క మళ్లీ వేయాలి.