హైవే మీద స్పీడ్ చలానా: కట్టాలా, కోర్టుకెళ్లాలా?

ప్రశ్న: మాది నరసన్నపేట. కారు నా పేరున ఉంది. గత నెల మా అబ్బాయి (22 ఏళ్లు) విశాఖ వెళ్తూ పైడిభీమవరం దగ్గర 60 బోర్డున్న చోట 94లో వెళ్లాడని నా ఫోనుకి వెయ్యి రూపాయల ఈ-చలానా వచ్చింది. "అందరూ అలాగే పోతన్నారు నాన్నా, రోడ్డు కూడా ఖాళీ. హైవే మీద వంద దాకా పోవచ్చు కదా" అంటున్నాడు. నడిపింది నేను కాదు, నేనెందుకు కట్టాలి? కట్టకుండా ఉంచితే లోక్ అదాలత్‌లో సగానికి తగ్గిస్తారని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ అబ్బాయి వాదన సంగతి చూద్దాం. ఈ వంద అనే అంకె 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లోది. మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు లైన్లు, అంతకు మించిన రోడ్ల మీద కార్లకు గరిష్ఠం వంద అన్నారు. అది పైకప్పు మాత్రమే. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద ప్రభుత్వం ఏ చోటుకైనా అంతకన్నా తక్కువ పరిమితి పెట్టవచ్చు. బోర్డు 60 అంటే అక్కడ చట్టం 60. పైడిభీమవరంలో ఎందుకు పెడతారో మీకు నేను చెప్పక్కర్లేదు. షిఫ్టు వదిలే వేళకి ఫ్యాక్టరీల జనం ఎలా రోడ్డు దాటుతారో చూసే ఉంటారు.

ఇక "రోడ్డు ఖాళీ" అన్న మాట. మీ అబ్బాయి మీద పెట్టింది 183వ సెక్షన్ అయి ఉంటుంది. ఆ సెక్షన్‌కి పరిమితి దాటడం ఒక్కటే చాలు, ఎవరికైనా ప్రమాదం కలిగిందా లేదా అన్నది చూడదు. ప్రమాదకరంగా నడపడం వేరే నేరం, అది 184. అక్కడైతే రోడ్డు మీద ఎవరున్నారు, ఎలా నడిపాడు అన్నది పనికొస్తుంది. 183లో మేజిస్ట్రేట్ ముందు "అందరూ పోతున్నారండీ" అంటే, ఆ మిగతావాళ్ల చలానాలు కూడా ఉన్నాయి కదా అని నవ్వి ఊరుకుంటారు.

అలాగని చలానా వస్తే తల వంచుకుని కట్టేయాలని కాదు. 183(3) మీ పక్షాన ఉన్న మంచి నిబంధన. ఒక సాక్షి "నా కంటికి ఎక్కువ స్పీడుగా కనిపించింది" అన్నంత మాత్రాన శిక్ష వేయకూడదు. యాంత్రిక లేదా ఎలక్ట్రానిక్ పరికరంతో వచ్చిన అంచనా కావాలి. ఆ పరికరానికి కూడా లెక్కలున్నాయి. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఎ చేర్చారు. స్పీడ్ గన్‌కి ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి. నిఘా ఉన్న చోట హెచ్చరిక బోర్డులు కనిపించేలా పెట్టాలి. నోటీసు నేరం జరిగిన 15 రోజుల్లోపు పంపాలి. అందులో నంబర్ ప్లేటు కనిపించే ఫొటో, పరికరం చూపిన స్పీడు, తేదీ, సమయం, చోటు, ఉల్లంఘించిన సెక్షన్, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం ఉండాలి. కాబట్టి చలానాలోని ఫొటో పెద్దది చేసి చూడండి. నంబర్ మసకగా ఉన్నా, ఫ్రేములో రెండు బళ్లుండి ఏది ఎవరిదో తేలకపోయినా, చెప్పిన తేదీన మీ కారు ఇంట్లోనే ఉన్నా పోరాడటానికి కారణం ఉంది. టోల్ గేట్ దగ్గర ఫాస్టాగ్ కోత మెసేజ్‌లు ఇలాంటప్పుడు పనికొస్తాయి. ఫొటో శుభ్రంగా ఉంటే మాత్రం వెయ్యి రూపాయల కోసం లాయర్ ఫీజు, బస్సు ఛార్జీ, రెండు పనిదినాలు పోగొట్టుకోవద్దు. లాయర్ని నేనే అంటున్నాను.

నడిపింది మీరు కాదన్నది నిజమే. 183 శిక్ష మామూలుగా నడిపినవాడికే. కానీ చలానా బండి నంబర్ మీద వస్తుంది కాబట్టి యజమానికే చేరుతుంది. 133వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి అడిగితే నడిపినవారి పేరు, లైసెన్స్ వివరాలు మీరు చెప్పి తీరాలి. చెప్పకపోవడం 187 కింద మరో నేరం: ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా. కొడుకును కాపాడబోయి తండ్రి ఇరుక్కోవడం మా కోర్టుల్లో కొత్తేమీ కాదు.

ఇంతకన్నా ముఖ్యమైనది మీరు అడగని విషయం. కారుకు మొదటి తప్పుకి చట్టం వెయ్యి నుంచి రెండు వేల దాకా జరిమానా పెట్టింది. రెండోసారి అయితే డబ్బుతో తీరదు. 206(4) ప్రకారం లైసెన్స్ తీసుకుని రవాణా అధికారికి పంపుతారు, అక్కడ రద్దు గానీ, అనర్హత గానీ తేలుతుంది. పైగా 200వ సెక్షన్‌కి 2019లో ఒక తోక తగిలించారు. చలానా కట్టి రాజీపడినా సరే, ఆ తప్పు జరిగినట్టే లెక్క, తర్వాత దొరికితే అది రెండోదవుతుంది. కాబట్టి కట్టేస్తే మరక పోతుందని అనుకోవద్దు. నడిపినవాడి పేరు ఎందుకు సరిగ్గా చెప్పమంటున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. తప్పు మీ ఖాతాలో పడితే మీ లైసెన్స్‌కే ఎసరు.

స్పీడ్ గన్ ఉందని ఎదురుగా లైట్లు కొట్టి చెప్పుకోవడం మన హైవే మీద మర్యాదగా చెలామణీ అవుతోంది. దాని వల్ల చలానా తప్పుతుందేమో గానీ లెక్క మారదు. 60లో ఉన్న కారు సెకనుకి 17 మీటర్లు పోతుంది, 94లో 26. బ్రేకు మీద కాలు పడేలోపే తొమ్మిది మీటర్లు తేడా, ఆపై ఆపడానికి పట్టే దూరం రెండున్నర రెట్లు. వంద కిలోమీటర్లలో 80కి బదులు వందలో వెళ్తే పావుగంట మిగులుతుంది, అది మద్దిలపాలెం సిగ్నళ్ల దగ్గరే ఖర్చయిపోతుంది. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో దాదాపు 71 శాతం కేసుల్లో కారణం అతివేగమని కేంద్ర రవాణా శాఖ నివేదిక. అలాంటి కేసుల్లో భారతీయ న్యాయ సంహిత 106 (నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం) కింద అరెస్టయిన కుర్రాళ్ల తండ్రులకి జామీను పత్రాలు రాసేవాడిని కనుక ఇంత చెప్పాను.

మీ బావమరిది మాట సగం నిజం. జాతీయ లోక్ అదాలత్‌లో రాజీ చేయదగ్గ ట్రాఫిక్ కేసులు తీసుకుంటారు, కోర్టు ఫీజు ఉండదు. ఎంత తగ్గిస్తారన్నది ఆ బెంచి ఇష్టం, సగం అన్న హామీ ఎక్కడా లేదు. జరిమానాతో పోయే నేరానికి కోర్టులో కేసు పెట్టడానికి ఆరు నెలలే గడువు, అది దాటించేస్తే చలానా పోతుందని కొందరు అనుకుంటారు. కానీ దాని మీద ఆశపెట్టుకుంటే, మధ్యలో సమన్లు వచ్చాక మీరు తిరగాల్సి వస్తుంది, ఈలోగా కారు అమ్మబోతే పెండింగ్ చలానా కొనేవాడికి కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో తర్వాతి లోక్ అదాలత్ తేదీ అడగండి. నెలలోపైతే ఆగండి, లేదా కట్టేయండి. అంతకన్నా ముందు, వచ్చిన మెసేజ్ లింకు నొక్కకుండా, చివర గవ్.ఇన్ ఉన్న సైటులో కారు నంబర్ కొట్టి చలానా నిజంగా ఉందో లేదో చూసుకోండి. ఆర్టీఓ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే తెరవకండి, దాన్ని ఇన్‌స్టాల్ చేసినవాళ్ల బ్యాంకు ఖాతాలు ఖాళీ అయ్యాయి.