‘అయ్యో’ అనుకున్న తర్వాత

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే మాట కనిపించింది: ‘అప్పుడు అలా చేసి ఉంటే...’ వాటిలో ఐదింటికి జవాబులు ఇక్కడ ఇస్తున్నాం. పేర్లు వేయవద్దని అందరూ కోరారు.

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. పద్నాలుగేళ్లుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. చదువు అయిపోగానే చిత్రకళా కళాశాలలో సీటు వచ్చింది. ఇంటి పరిస్థితి చూసి అక్కడ చేరకుండా ఉద్యోగంలో చేరాను. ఈమధ్య పిల్లల పుస్తకాల్లో మంచి బొమ్మ కనబడితే చాలు, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టవుతోంది. ఈ పద్నాలుగేళ్లూ వృథా అయ్యాయనిపిస్తోంది. ఉద్యోగం మానేసి ఇప్పుడైనా మొదలుపెట్టనా? ఈ పిచ్చి వదిలేసుకోనా?

జవాబు: ఒక మూడు నెలల పాటు రెండూ చేయకండి.

మీ బాధలో రెండు సంగతులు కలిసిపోయాయి. బొమ్మలు వేయాలన్న కోరిక ఒకటి. వేయకుండా గడిచిపోయిన పద్నాలుగేళ్ల దిగులు ఇంకొకటి. కోరికకు దారి ఉంది. దిగులు మాత్రం మెల్లగా అరగాల్సిందే. ఉద్యోగం మానేస్తే రెండూ ఒక్క దెబ్బకి తీరిపోతాయనుకుని చాలామంది బోల్తాపడతారు. మానేశాక కూడా దిగులు అలాగే ఉంటుంది, దానికి తోడు జీతం ఉండదు.

థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లలో ఈ విషయం మీద పనిచేశారు. చేసిన పొరపాటు మొదట్లో ఎక్కువ కుడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ చేయకుండా వదిలేసిన పనే ఎక్కువ బాధపెడుతుంది. అందుకు ఒక కారణం ఉంది. చేసినదాని ఫలితం కళ్లముందే ఉంటుంది, చేయనిదానికి హద్దే ఉండదు. మీ ఊహలో బొమ్మలు వేసే ఆవిడకు పని దొరకని నెల ఉండదు, మెడనొప్పి రాదు. ‘ఏనుగు నవ్వుతున్నట్టు లేదు, మళ్లీ వేయండి’ అని నాలుగోసారి తిప్పి పంపే ఎడిటర్ కూడా ఉండడు. మీ ఉద్యోగంలో ప్రతి సోమవారం ఎలా ఉంటుందో మాత్రం మీకు బాగా తెలుసు. ఇది సమానుల మధ్య పోటీ కాదు.

కాబట్టి ఆ ఊహను పనిలో పెట్టి చూడండి. 12 వారాలు, వారానికి ఆరు గంటలు. రెండేసి గంటల చొప్పున మూడు రోజులు అనుకుని, ఏ రోజు ఎన్నింటికో ముందే రాసిపెట్టుకోండి. ‘వీలున్నప్పుడు’ అనుకుంటే వీలు దొరకదు. పిల్లల బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు ఉంటుంది. ముద్రణలో కాగితాన్ని మడతపెట్టే లెక్కవల్ల వచ్చిన సంఖ్య అది. పేరు, వివరాల పేజీలు పోను, ఎదురెదురు పేజీల జంటలు పన్నెండు, పద్నాలుగు మిగులుతాయి. మీకు నచ్చిన చిన్న కథ ఒకటి తీసుకోండి. మొదటి రెండు వారాల్లో ఆ జంటలన్నిటికీ అరచేతిలో పట్టేంత చిన్న పెన్సిల్ చిత్తుబొమ్మలు వేయండి. మూడో వారమంతా ఒకే పాత్రను ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, కూర్చున్నట్టు, పరిగెడుతున్నట్టు వేయండి. అన్ని పేజీల్లోనూ అదే పిల్ల అదే పిల్లలా కనబడడమే ఈ పనిలో కష్టమైన సంగతి. ఒక్క బొమ్మ అందంగా వేయగలిగినవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నాలుగు నుంచి పదో వారం వరకు మూడంటే మూడు జంటలు రంగులతో పూర్తి చేయండి. చివరి రెండు వారాల్లో ఈ రంగంలో పనిచేస్తున్నవాళ్లు ముగ్గురికి చూపించండి. ఇంట్లోవాళ్లకు కాదు. వాళ్లు ఎలాగూ బాగుందనే అంటారు.

ఎక్కడ బెడిసికొడుతుందో కూడా చెబుతాను. మొదటి వారం కొత్త రంగులు, కొత్త పుస్తకాలు కొనడంతో, బొమ్మలెలా వేయాలో చెప్పే వీడియోలు చూడడంతో గడిచిపోతుంది. ఆ గంటలు లెక్కలోకి రావు. చెయ్యి కాగితం మీద ఉన్న గంటలే రాసుకోండి. ఐదో వారానికల్లా మీ బొమ్మలు మీకే వికారంగా కనిపిస్తాయి. ఇన్నేళ్లు మంచి బొమ్మలు చూసి చూసి కన్ను పదునెక్కింది, చెయ్యి ఇంకా ఎక్కలేదు, అంతే. ఆ వారం బాగుందో లేదో తేల్చకండి.

మొత్తం 72 గంటల్లో 50 దాటి కూర్చోగలిగితే అప్పుడు తరువాతి మెట్టు: ఉద్యోగం చేస్తూనే డబ్బిచ్చే చిన్న పనులు రెండు మూడు ఒప్పుకోండి. గడువు మీద పడినప్పుడు, ఇంకొకరు చెప్పినట్టు వేయాల్సి వచ్చినప్పుడు కూడా ఇష్టం నిలుస్తుందో లేదో అప్పుడే తెలుస్తుంది. రాజీనామా మాట ఆ తర్వాతే. దానికీ ముందు పనిగంటలు తగ్గించమనో, జీతం లేని సెలవు ఇమ్మనో అడిగి చూడండి. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉండాలి. ఇలాంటి పనుల్లో బొమ్మ ఇచ్చిన రోజుకీ డబ్బు చేతికొచ్చే రోజుకీ మధ్య నెలలు గడవొచ్చు. 30 గంటలు కూడా కూర్చోలేకపోతే, మీకు బొమ్మలు చూడడం ఇష్టమేమో, వేయడం కాదేమో. అది తెలిసినా మంచిదే.

ఆ పద్నాలుగేళ్లు వృథా అన్నారు. సొంతంగా బొమ్మలు వేసి బతికేవాళ్లలో ఎక్కువమంది తడబడేది బిల్లులు, పన్నులు, వసూళ్ల దగ్గర. అవి మీకు కంఠతా వచ్చు.

ప్రశ్న: కాలేజీలో ఒకమ్మాయిని ఇష్టపడ్డాను, చెప్పలేకపోయాను. పదకొండేళ్లయింది. ఆమెకు పెళ్లైంది. నాకూ పెళ్లి కుదిరింది. ఒక్కసారి చెప్పేస్తే మనసు తేలికవుతుందనిపిస్తోంది. ఫోన్‌లో మెసేజ్ రాసి ఉంచాను. పంపనా?

జవాబు: వద్దు. ఆమె ఏమని జవాబిస్తే మీకు తేలికవుతుందో ఒక్కొక్కటే ఊహించుకోండి. ‘నాకూ ఇష్టమే ఉండేది’ అంటే మీకు నిద్ర పట్టదు. ‘అలాంటిదేమీ లేదు’ అంటే గాయమవుతుంది. జవాబే రాకపోతే ఇంకో పదకొండేళ్లు దాని గురించే ఆలోచిస్తారు. ఏది జరిగినా మీ బరువులో కొంత ఆమె ఇంట్లో దించి వచ్చినట్టే. ఆమె అడగని బరువది.

చెప్పాలన్న తపన మాత్రం నిజమైనదే, దానికో దారి కావాలి. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత మనసును కలచివేసిన విషయాల గురించి రోజుకు 15 నిమిషాల చొప్పున వరుసగా నాలుగు రోజులు రాయించారు. రాసిన వెంటనే వాళ్లకు దిగులు పెరిగింది. తర్వాతి నెలల్లో మాత్రం, లోతుగా రాసినవాళ్లు మిగతావాళ్లకన్నా తక్కువసార్లు వైద్యం కోసం వెళ్లారు. మీరూ అలాగే రాయండి, ఫోన్‌లో కాకుండా కాగితం మీద. మొదటి రోజు ఏం జరిగిందో, రెండో రోజు దేనికి భయపడి చెప్పలేదో, మూడో రోజు ఆమెలో మీకు నచ్చినదేమిటో రాయండి. నాలుగో రోజు, నచ్చినవాటిలో రాబోయే కాపురంలో మీరు కోరుకునేవి ఏవో రాయండి. అక్షరదోషాలు దిద్దకండి, మళ్లీ చదవకండి. పడుకునే ముందు మాత్రం వద్దు, మొదటి రెండు రోజులు మనసు బరువెక్కుతుంది. మూడో రోజు కూడా మొదటి రోజు వాక్యాలే తిరిగి వస్తుంటే ఆపేయండి. అది గాయాన్ని గోకడమే అవుతుంది.

కాబోయే ఆవిడకు చెప్పాలా అని మీరు అడగలేదు గానీ, ఆ ప్రశ్న ఉత్తరంలో వినబడుతోంది. ముగిసిపోయిన ఇష్టమైతే చెప్పితీరాలని లేదు. కానీ ఆవిడ మాట్లాడుతున్నప్పుడల్లా మీరు ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తుంటే అది ముగియనట్టు. అప్పుడు పెళ్లి తేదీ వెనక్కి జరపడం గురించి ఆలోచించండి. ముందు ఆ మెసేజ్ తుడిచేయండి. రాసి ఉంచిన మెసేజ్ ఏదో ఒక రాత్రి పంపే మెసేజే.

ప్రశ్న: ఆఫీసు మీటింగ్‌లో ఒకసారి నోరుజారాను. రెండేళ్లయినా రాత్రి పడుకోగానే అదే గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోతున్నాను.

జవాబు: మీకు గుర్తున్నంతగా ఇంకెవరికీ గుర్తుండదు. 2000లో వెలువడిన ఒక పరిశోధనలో విద్యార్థులకు సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి గదిలోకి పంపారు. దాదాపు సగంమంది గమనించి ఉంటారని తొడుక్కున్నవాళ్లు అంచనా వేశారు. నిజానికి గమనించింది నాలుగోవంతు కూడా లేరు. ఇక నిద్ర సంగతి: సాయంత్రం ఒక 15 నిమిషాలు ఆ చింతకే కేటాయించి, కుర్చీలో కూర్చుని తనివితీరా సిగ్గుపడండి. రాత్రి గుర్తొస్తే ‘నీ టైమ్ రేపు సాయంత్రం’ అనుకోండి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం మీద నుంచి లేచి, మసక వెలుతురులో విసుగు పుట్టించే పని ఏదైనా చేసి, కళ్లు మూతలు పడుతుంటేనే మళ్లీ పడుకోండి.

ప్రశ్న: వ్యాపారంలో దెబ్బతిని అన్నయ్య నన్ను డబ్బు సాయం అడిగాడు. లేదన్నాను. అంతటితో ఆగకుండా, బంధువుల ముందు ‘నీ చేతగానితనానికి నేనెందుకు కట్టాలి’ అనేశాను. ఆరేళ్లుగా మాటల్లేవు. ‘జరిగిందేదో జరిగింది, మర్చిపోదాం’ అని రెండుసార్లు మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. ఇంకేం చేయాలి?

జవాబు: ‘మర్చిపోదాం’ అనే హక్కు దెబ్బ తిన్నవాళ్లది. కొట్టినవాళ్లు అంటే ఇంకో దెబ్బలా తగులుతుంది. అన్నయ్య పలకకపోవడానికి అదే కారణం కావచ్చు.

రాయ్ లెవికీ, ఆయన సహచరులు 2016లో క్షమాపణలోని ఆరు భాగాల్ని విడివిడిగా పరీక్షించారు. అన్నిటికన్నా ఎక్కువ బరువు తూగినది ‘తప్పు నాది’ అని ఒప్పుకోవడం. దాని తర్వాత, జరిగినదాన్ని సరిచేస్తాననడం. ‘నన్ను క్షమించు’ అని అడగడం అన్నిటికన్నా అడుగున ఉంది. మనం మాత్రం సాధారణంగా దానితోనే మొదలుపెడతాం.

ముందు మీలో మీరు ఒకటి తేల్చుకోండి. డబ్బు ఇవ్వకపోవడం తప్పు కాకపోవచ్చు. ఆ మాట అనడం, అందరి ముందు అనడం తప్పు. రెండూ కలిపి రాస్తే మీకు తెలియకుండానే డబ్బు గురించి సమర్థించుకోవడం మొదలవుతుంది. మాటకు మాత్రమే క్షమాపణ చెప్పండి. ఆరేడు వాక్యాలు చాలు. ఇలా:

‘అన్నయ్యా, ఆ రోజు అందరి ముందు నిన్ను చేతగానివాడివన్నాను. అప్పటికే నువ్వు నష్టంలో కూరుకుపోయి ఉన్నావు. ఎవరితోనూ చెప్పుకోలేని సమయంలో నిన్ను తలదించుకునేలా చేశాను. ఆ తప్పు పూర్తిగా నాదే. ఆ రోజు అక్కడున్నవాళ్లకు కూడా ఇదే మాట చెప్పాలనుకుంటున్నాను, నువ్వు సరేనంటేనే. దీనికి నువ్వు జవాబు రాయాలని ఏమీ లేదు.’

రాశాక మూడు మాటల కోసం వెతకండి. ‘కానీ’ ఉంటే, దానికి ముందున్నదంతా కొట్టుకుపోతుంది. ‘ఒకవేళ నిన్ను బాధపెట్టి ఉంటే’ అంటే, బాధపడ్డాడో లేదో మీకింకా తెలియదన్నట్టు. ‘నువ్వూ అప్పుడు’ అనేది కనబడితే ఆ వాక్యం మొత్తం తీసేయండి. ఫోన్ చేయడం కన్నా చేతిరాత ఉత్తరం మేలు. చదివాక మొహం ఎలా పెట్టాలో ఆయన అప్పటికప్పుడు తేల్చుకోనక్కర్లేదు. ఏదో వేడుకలో నలుగురూ ఉన్నప్పుడు దగ్గరికెళ్లి చేతులు పట్టుకోవద్దు. ఒప్పుకోక తప్పని ఇరకాటంలో పెట్టడమే అది.

పంపాక ఊరుకోవడం అన్నిటికన్నా కష్టం. ‘అందిందా’ అని అడగకండి, మధ్యవర్తుల్ని పంపకండి. నాలుగైదు నెలల తర్వాత, పాత సంగతి ఎత్తకుండా, రెండు ముక్కల్లో కుశలం అడగవచ్చు. అప్పుడూ పలకకపోతే ఆపేయండి. అది ఆయన జవాబు.

ప్రశ్న: రెండు ఉద్యోగాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి జీతం ఎక్కువ, రెండోది నాకు ఇష్టమైన పని. ఏది ఎంచుకున్నా తర్వాత బాధపడతానని భయం. వారంలో చెప్పాలి.

జవాబు: ఇష్టమా, జీతమా అన్న పోలిక పక్కన పెట్టి, తప్పని తేలితే ఏది సులువుగా దిద్దుకోగలరో చూడండి. ఏడాది తర్వాత జీతం వైపు మళ్లీ వెళ్లగలిగితే ఇష్టమైనది ఎంచుకోండి. అప్పులుండి ఆ వెసులుబాటు లేకపోతే జీతమే.

తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ చెప్పిన పద్ధతి ఒకటి. ఏడాది గడిచిందనీ, మీ ఎంపిక ఘోరంగా దెబ్బతిందనీ అనుకోండి. ఎందుకు దెబ్బతిందో పది నిమిషాల్లో తోచినన్ని కారణాలు రాయండి. రెండు ఉద్యోగాలకూ విడివిడిగా చేయండి. ‘బాస్ ఎలాంటివాడో తెలుసుకోలేదు’ అని రాస్తే, అది ఇప్పుడే తెలుసుకోవాల్సిన సంగతి. అక్కడ పనిచేసి మానేసినవాళ్లతో ఒకరితోనైనా మాట్లాడండి. ఇప్పుడు ఉన్నవాళ్లు అన్నీ చెప్పలేరు.

నిర్ణయం అయ్యాక రెండో తలుపు మూసేయండి. డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ 2002లో ఫొటోలతో చేసిన ప్రయోగంలో, తర్వాత మార్చుకోవచ్చన్నవాళ్లకు తాము ఎంచుకున్న ఫొటో తక్కువ నచ్చింది. మార్చుకునే వీల్లేనివాళ్లకు ఎక్కువ నచ్చింది. అందుకని ఆరు నెలల పాటు ఆ రెండో కంపెనీలో ఏం జరుగుతోందో వాకబు చేయకండి.

చేరే ముందు ఒక పేజీ రాసి దాచుకోండి: ఈ రోజు నాకు ఏం తెలుసు, ఏం తెలియదు, ఎందుకు ఇది ఎంచుకున్నాను. ఫలితం తెలిశాక ‘ఇది ముందే తెలుసు’ అనిపించడం మనసుకు అలవాటు. దీన్ని బరూక్ ఫిష్‌హాఫ్ 1975లోనే ప్రయోగాలతో చూపించారు. ఆరు నెలలకు ఆ పేజీ తీసి చూస్తే, అప్పుడు మీకు ఏం తెలియదో మీ చేతిరాతలోనే ఉంటుంది. పైన తేదీ వేయడం మాత్రం మర్చిపోవద్దు.