కువైట్‌కు పోయే ముందు

పెరంబూరు, చెన్నై

చి॥ రమణకు బాబాయి ఆశీస్సులు.

కువైట్ పోతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఏజెంటుకు రూపాయి ఇచ్చే ముందు నీ పాస్‌పోర్టు తీసి చూడు. తొమ్మిదితో చదువు ఆపేశావు కాబట్టి ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే పనికి పోయే ముందు సర్కారు తనిఖీ కావాలి) అని ఉండే ఉంటుంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, ఈసీఆర్ వాళ్లు కువైట్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే సర్కారు క్లియరెన్స్ తప్పనిసరి. మీ తమ్ముడికి టెన్త్ ఉంది, వాడికి ఈ తంటా లేదు.

‘క్లియరెన్స్ ఎందుకు, విజిట్ వీసా మీద పో, అక్కడ మార్చుకుందాం’ అంటాడు ఏజెంటు. ఈసీఆర్ ఉన్నా చుట్టపుచూపుగా పోయేవాళ్లకు రిటర్న్ టికెట్ చూపితే చాలు. ఆ సందులోంచే మనుషుల్ని దాటిస్తారు. మీనంబాక్కం ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో ‘ఎవరింటికి? ఎన్నాళ్లు?’ అని అడిగితే తడబడతావు, అక్కడినుంచే వెనక్కి. ‘కౌంటర్ సెట్టింగ్ ఉంది’ అంటే అసలే నమ్మొద్దు. దాటి పోయినా చేతిలో అగ్రిమెంటు లేనివాడికి జీతం ఎగ్గొడితే అడిగే దిక్కుండదు.

వీసా ఏదో కూడా తేల్చుకో. ఖాదిం వీసా ఇంటి పనికి, షూన్ వీసా కంపెనీ పనికి. ఖాదిం మీద పోయి దుకాణంలో పనిచేస్తూ పట్టుబడితే డిపోర్టే. ఆజాద్ వీసా అంటే కఫీల్ (వీసా ఇచ్చే యజమాని) ఒకడు, పని ఇంకొకడి దగ్గర. మనవాళ్లు దానికి ఎగబడి లక్షలు పోస్తారు, తనిఖీల్లో ముందు దొరికేదీ వాళ్లే.

ఏజెంటు లైసెన్సు నంబరు సర్కారువాళ్ల ఈ-మైగ్రేట్ సైట్‌లో కొట్టి చూడు. ఇంకా చెల్లుతోందా, పేరూ అడ్రసూ అవేనా? వేరేవాడి నంబరు బోర్డు మీద రాసుకునే సబ్ ఏజెంట్లకు కొదవలేదు. ఫీజు 30,000, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. అంతకు మించి అడిగినా, రసీదు ఇవ్వనన్నా లేచి వచ్చెయ్. ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్లకు 275, మూడేళ్లకు 375. ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షలు వస్తాయి.

అగ్రిమెంటు కాపీ ఒకటి అమ్మ దగ్గర పెట్టు. దిగాక అరబ్బీలో ఇంకో కాగితం ముందు పెడతారు, సంతకానికి ముందు జీతం అంకె చూడు. అరబ్బీలో చుక్క పెడితే సున్నా, మన సున్నాలా గుండ్రంగా ఉండేది ఐదు, మనం రాసే 7లా కనబడేది ఆరు.

మీ బాబాయి