విల్లు రాయాలా, దాన సెటిల్మెంటు చేయాలా: మా ఇంటి అనుభవం

అనంతపురంలో సొంత ఇల్లు, ఊళ్లో వేరుశనగ చేను ఉన్న మీ నాన్నగారు విల్లు రాయడం మంచిదా, లేక ఇప్పుడే పిల్లల పేర దాన సెటిల్మెంటు రిజిస్టరు చేయించడం మంచిదా అని మీరు అడిగారు. విల్లులో జరిగిన ఒక పొరపాటు వల్ల మేము నాలుగేళ్లు కోర్టు చుట్టూ తిరిగినా, నేను ఇప్పటికీ విల్లువైపే మొగ్గుతాను.

మా నాన్నగారు గుత్తి దగ్గర తాను కొన్న భూమికి విల్లు రాశారు. చట్టం కోరినట్టు ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు. విల్లుకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గనుక చేయించలేదు. చిక్కంతా సాక్షుల దగ్గరే వచ్చింది. ఇద్దరూ ఆయన ఈడువారే, రోజూ పొద్దున అరుగు మీద కూర్చుని పేపరు చదువుకునే స్నేహితులే. ఇద్దరూ ఆయనకంటే ముందే పోయారు. తరువాత బంధువొకరు ఆ సంతకం నాన్నగారిది కాదని అభ్యంతరం పెట్టినప్పుడు, సాక్షుల్లో ఒక్కరు బతికి ఉన్నా కోర్టులో వాంగ్మూలం ఇచ్చి ఉండేవారు. ఎవరూ లేకపోవడంతో నాన్నగారి సంతకాన్నీ, కనీసం ఒక సాక్షి సంతకాన్నీ వారివేనని రుజువు చేయడానికి పాత బ్యాంకు కాగితాలు, చేతిరాత ఎరిగిన మనుషులు కావలసి వచ్చారు.

దాన సెటిల్మెంటులో ఈ బెడద తక్కువే గానీ, రిజిస్టరయి పిల్లలు స్వీకరించిన తరువాత ఆ ఆస్తి మీ నాన్నగారిది కాదు, మనసు మారితే తిరిగి తీసుకోవడం సులభం కాదు. విల్లునైతే బతికి ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చవచ్చు, దానికి స్టాంపు సుంకం కూడా లేదు. దానమే చేయాలనుకుంటే, తల్లిదండ్రులను పోషించాలనే షరతును, బతికినంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కును పత్రంలోనే రాయించండి. షరతు తప్పితే 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను కింద ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునలును కోరవచ్చు.

అంతకంటే ముందు ఆ చేను ఎలా వచ్చిందో చూడండి. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే మీ నాన్నగారు తన వాటాకు మాత్రమే విల్లు రాయగలరు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ ప్రకారం పెళ్లయిన ఆడపిల్లలకూ అందులో కొడుకులతో సమాన వాటా ఉంది, సుప్రీంకోర్టు 2020లో దీన్ని మరింత స్పష్టం చేసింది. డీకేటీ పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అయితే ముందుగా తహసీల్దారు కార్యాలయంలో విచారించండి. బ్యాంకులో నామినీగా ఒకరి పేరు రాస్తే సొమ్మంతా ఆ ఒక్కరిదే అవుతుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. నామినీ వారసుల తరఫున తీసుకునే మనిషి మాత్రమే.

గత ఏడాది మా అమ్మ విల్లు రాసినప్పుడు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించి, ఆస్తిలో వాటా లేని, ముప్పై అయిదేళ్లలోపు ఇద్దరిని సాక్షులుగా పెట్టాము. ఈ పిల్లల చేత సంతకాలేమిటని అమ్మ ఇప్పటికీ సణుగుతూనే ఉంది.