వాల్‌టాక్స్ రోడ్డు మీద పడుకునే తెలుగు పెద్దాయనకు సంస్థ వాళ్లు ఏం చేయగలరు?

చెన్నై సెంట్రల్ స్టేషన్ పక్కన వాల్‌టాక్స్ రోడ్డు ఫుట్‌పాత్ మీద నెల రోజులుగా ఒక తెలుగు పెద్దాయన పడుకుంటున్నారు, సంస్థ వాళ్లకు చెబితే తీసుకెళ్తారా, తీసుకెళ్లి ఏం చేస్తారు అని అడిగారు. ఆయన వస్తానంటే తీసుకెళ్తారండి. రానంటే బలవంతం చేయరు, చేయకూడదు కూడా.

చెన్నైలో ఇల్లు లేనివాళ్ల షెల్టర్లు కార్పొరేషన్‌వి, నడిపేది స్వచ్ఛంద సంస్థలు. ఇక్కడి వాళ్లు కాప్పగం అంటారు. కార్పొరేషన్ హెల్ప్‌లైన్ 1913కు ఫోన్ చేయండి. ‘సెంట్రల్ దగ్గర’ అంటే చాలదు. ఏ షాపు షట్టర్ ముందు, రాత్రి ఎన్నింటికి వచ్చి పడుకుంటారు, నడవగలరా, గాయాలున్నాయా, ఇవన్నీ చెప్పాలి. పగలు వెళ్లిన వాళ్లు ఉత్త చేతులతో తిరిగొస్తారు, అప్పటికి ఆయన మూట ఎత్తుకుని ఎటో వెళ్లిపోయి ఉంటారు. రాత్రి పది దాటాకే మనిషి దొరికేది. మొదటి రాత్రే లేచి వచ్చేవాళ్లు తక్కువ, మూడో నాలుగో సారికి కదులుతారు. చాలాసార్లు అడ్డం పడేది ఆ మూటే. దాన్ని పెట్టుకోనిస్తారా లేదా అని షెల్టర్ వాళ్లను ముందే అడిగి ఆయనకు చెప్పండి. మగవాళ్లకు, ఆడవాళ్లకు షెల్టర్లు వేరు. ఆలుమగలను ఒకేచోట ఉంచేవి తక్కువ కాబట్టి జంట అయితే ఆ మాట ఫోన్‌లోనే చెప్పాలి.

మతి స్థిమితం లేనట్టు కనిపిస్తే దారి వేరు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటి మనిషిని ఆసుపత్రికి చేర్చే బాధ్యత పోలీసులది, లాకప్‌లో పెట్టకూడదు. కీల్పాక్కంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. 1993 నుంచి ఇలాంటి వాళ్లను చూసుకుంటున్న ది బనియన్ సంస్థ కూడా ఈ ఊళ్లోనే ఉంది.

పడక దొరకడం ఇందులో చిన్న పని. అసలు పని కాగితాలది, చాలామంది చతికిలపడేదీ అక్కడే. ‘ఆధార్ లేదు’ అన్నా ‘ఆధార్ పోయింది’ అన్నా ఒకటేననుకుని కొత్తగా నమోదు చేయిస్తారు. పాతది ఉంటే వేలిముద్రలు దానితో సరిపోలి, వారాల తర్వాత దరఖాస్తు తిరస్కరించబడుతుంది. కాబట్టి ముందు ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో పాత నంబరు వెతికించాలి. మూటలు మోసిన, సిమెంటు కలిపిన చేతులకు ముద్రలు అరిగిపోయి ఉంటాయి. అప్పుడు కంటిపాపతో చూడమని గట్టిగా అడగాలి. నిజంగా లేకపోతే, గుర్తింపు ఉన్న షెల్టర్ నిర్వాహకుడు ఇచ్చే ధ్రువపత్రం చెల్లుతుంది. అది ఆధార్ సంస్థ నమూనాలోనే ఉండాలి. సొంత లెటర్‌హెడ్ మీద రాస్తే కౌంటర్‌లోనే వెనక్కి ఇస్తారు. షెల్టర్ సీలు సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. తేదీ నుంచి మూడు నెలలే చెల్లుబాటు. కొత్త నమోదుకు డబ్బు కట్టనక్కర్లేదు.

ఆంధ్రలో రేషన్ కార్డు ఉంటే, అది జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన కార్డు అయితే, చెన్నై రేషన్ షాపులోనే వేలిముద్ర వేసి తన వంతు తీసుకోవచ్చు, మామూలు కార్డు మీద మనిషికి నెలకు 5 కిలోలు. ఊళ్లో భార్య తన వంతు అక్కడే తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక, కార్డు ఇక్కడికి మార్పించుకోవాలని తిరిగేవాళ్లు ఎందరో.

ఓటుకు ఇంటి చిరునామా లేదని భయపడనక్కర్లేదు. ఓటరు నమోదు ఫారం 6లో పడుకునే చోటు రాస్తే బూత్ అధికారి ఒకటికి మించి రాత్రులు వచ్చి చూసుకుంటారు, వేరే రుజువు అడగరు. బ్యాంకులో ‘స్మాల్ అకౌంట్’ అనే చిన్న ఖాతాను బ్యాంకు అధికారి ఎదుట ఫొటో, వేలిముద్రతో తెరుస్తారు. నిల్వ 50,000 దాటకూడదు, నెలకు 10,000కు మించి తీయలేరు.

ఇందులో మీలాంటి వాళ్లు చేయగలిగింది ఒకటుంది. షెల్టర్‌లో ఎక్కువమంది తమిళం మాట్లాడతారు, ఆయన తెలుగులో చెప్పే ఊరు పేరు, మండలం ఫారంలోకి ఎక్కేసరికి తప్పుగా మారిపోతాయి. మీరే రాసివ్వండి. ఊరి సచివాలయం ద్వారా రేషన్ కార్డు, పింఛను వివరాలు కనుక్కోవచ్చు. అక్కడ వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు వస్తుంటే, నెలల తరబడి తీసుకోకపోతే ఆగిపోతుంది.

వెళ్లేటప్పుడు ఇద్దరు వెళ్లండి. టీ పట్టుకెళ్లి పక్కన కూర్చోండి, ‘ఏ ఊరు పెద్దాయనా’ అని మొదలుపెట్టండి. పని ఇప్పిస్తామని మాటివ్వకండి. ఫోన్ జేబులోనే ఉంచండి. ఫొటో తీశారో, మర్నాడు రాత్రి ఆయన ఆ షట్టర్ ముందు ఉండరు.